ఆ వెండి బిళ్ళ కింద ఖాళీ ఉంది

మా చిన్నప్పుడు... కొత్తపేటలో మా ఇంటి వీధరుగే తాతయ్య పనిచోటు. ముందు కుంపటి, పక్కన ఊదుగొట్టం, నీళ్ళ చిప్ప... చేతిలో ఎప్పుడూ ఒక లక్క కర్ర. చేసేది కంసాలి పనే అయినా, తాతయ్యకి పేరొచ్చింది మాత్రం అక్షరాలు చెక్కడంలో. ఉంగరం మీదైనా, భరిణె మూత మీదైనా, ఎవరి పేరు చెప్పినా సన్నటి ఉలితో అచ్చు గుద్దినట్టు చెక్కేసేవారు.

గోరంత వస్తువుని చేత్తో పట్టుకుని చెక్కితే కదలకుండా ఉంటుందా? అందుకే దాన్ని లక్కలో కూర్చోబెట్టాలి. లక్కలో ఇటుకపొడి, కాస్త నూనె కలిపి కర్ర కొసకి ముద్దగా పట్టించి ఉంచేవారు. దాన్ని కుంపటి సెగకి మెత్తబరిచి, వస్తువుని అందులోకి అదిమి చల్లారనిస్తే... రాయిలా పట్టేసుకుంటుంది. పని అయ్యాక మళ్ళీ సెగ చూపిస్తే ఊడొస్తుంది.

ఆ కూర్చోబెట్టే పని నాది. అప్పుడు నాకు పదేళ్ళు. "మా అమ్మడు పెట్టిందంటే ఇంక కదలదండి" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు తాతయ్య. నా కాళ్ళు భూమ్మీద ఆనేవి కావు...

పైకి ఉబ్బుగా, అడుగున గుంటగా ఉండే బిళ్ళలతోనే తంటా. ముందు ఆ గుంటలో వేడి లక్క కూరి, తడి వేలితో నొక్కాలి. వేలు చుర్రుమంటుంది. అలా నింపకుండా పైపైన అతికిస్తే అంచులు పట్టుకుంటాయి గానీ నడుమ ఖాళీ ఉండిపోతుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. ఉలి నొక్కితేనే తెలుస్తుంది.

ఒక వేసవిలో కరుణమ్మ టీచరుగారు అలాంటి బిళ్ళే తెచ్చారు. మా బళ్ళో నాకు రెండో తరగతి చెప్పిన టీచరు. వాళ్ళమ్మాయికి వారంలో చర్చిలో పెళ్ళి.

"మా అమ్మ పేరు చెక్కాలండి ఆచారిగారూ... రాహేలమ్మ. కోతలకెళ్ళి కూడబెట్టుకుని చేయించుకుందండి దీన్ని. ఇదొక్కటే మిగిలింది. పిల్ల మెళ్ళో వేసి పంపుదామని..."

తాతయ్య బిళ్ళ నా చేతికిచ్చారు. సరిగ్గా అప్పుడే వీధిలో పిల్లల కేకలు... కాలవ కట్టేశారు, అడుగున మిగిలిన మడుగుల్లో చేపలు పడుతున్నారట! మా ఇంట్లో చేప ముట్టం. అయినా చూడకపోతే నాకు ప్రాణం ఆగదు.

గుంటలో లక్క కూరలేదు. పైపైన అతికించి, చల్లార్చి ఇచ్చేశాను.

"నిండా కూరేవా అమ్మడూ?"

"ఆయ్ తాతయ్యా, కూరేను."

మామూలుగా గోటితో తట్టి చూసుకునేవారు. ఆ రోజు నా మాట నమ్మి తట్టలేదు. నేను మెట్లు దిగబోతుంటే టీచరుగారే "ఎక్కడికే? నీ అక్షరాలూ ఇలా ఉండాలి, చూడు" అని పక్కన కూర్చోబెట్టుకున్నారు...

రెండక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. మూడో అక్షరం దగ్గర వెండి లోపలికి కుంగింది. ఉలి జారి, పేరు మీదుగా అంచుదాకా గీసేసింది.

టీచరుగారు "అయ్యో" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

తాతయ్య లక్కకి సెగ చూపించి బిళ్ళ ఊడదీశారు. తిరగేశారు. గుంటలో లక్క మరకైనా లేదు... వెండి తళతళలాడుతోంది. ఒక్కసారి నా వంక చూశారు. వెంటనే బిళ్ళని గుప్పిట్లో మూసేశారు.

"నా చెయ్యి వణికిందండి టీచరుగారూ... వయసు మీద పడిందండి. క్షమించాలి."

ఆయన ఎవరినైనా క్షమించమని అడగడం నేనెప్పుడూ వినలేదు. పక్కనే కూర్చుని, నా గౌను అంచు నులుముకుంటూ ఉండిపోయాను.

సొట్ట తీశారు గానీ గీత పోలేదు. పలచటి వెండి, ఇంకా గీకితే చిల్లు పడుతుంది. కొత్తది చేసిస్తానన్నారు. "కొత్తది మా అమ్మది కాదు కదండీ" అని, టీచరుగారు దాన్నే కళ్ళకద్దుకుని తీసుకెళ్ళారు. ఆవిడ ఎవరి దగ్గరా తాతయ్యని చెడ్డగా అనలేదు. కానీ పెళ్ళిలో ఆ గీత చూసి అడిగినవాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి కదా...

"ఆచారిగారికి చెయ్యి వణుకుతోందంట." ఆ మాట ఊరంతా పాకింది. చెక్కమని వచ్చేవాళ్ళు తగ్గారు, తర్వాత ఆగిపోయారు. తాతయ్య ఉలులన్నీ గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేసి, పూసలు గుచ్చుకుంటూ, తెగిన గొలుసులకి అతుకులు వేసుకుంటూ కాలక్షేపం చేశారు. నన్ను ఒక్కమాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

నేను నోరు విప్పితే చాలు, అంతా సర్దుకునేది. ఎన్నిసార్లు చెబుదామనుకున్నానో... "మా అమ్మడు" అని మళ్ళీ అనరేమోనని భయం. ఎంత స్వార్థం అండీ నాది!

కొన్నేళ్ళకి తాతయ్య పోయారు. టీచరుగారు వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "ఎంత పనిమంతుడమ్మా... పాపం, చెయ్యి వణకడం మొదలెట్టేక పని మానేసేరు."

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. పెళ్ళయింది, భయపడాల్సింది ఎవరికీ లేదు. అరుగు మీద పడుకోబెట్టిన తాతయ్య పక్కనే నిలబడి... "అవునండీ" అన్నాను.

ఇప్పుడు టీచరుగారూ లేరు. పేరు కావాలంటే యంత్రం మీద నిమిషంలో చెక్కిచ్చేస్తున్నారు. లక్కా లేదు, కుంపటీ లేదు, ఎవరి వేలూ కాలదు...

మా కొత్తపేట చుట్టుపక్కల ఎవరింట్లోనైనా ఆ రోజుల్లో పేరు చెక్కించిన పాత ఉంగరమో, భరిణె మూతో ఉంటే ఒక్కసారి బయటికి తియ్యండి. కింద ఫొటో పెట్టండి. ఆ అక్షరాలు దగ్గరగా చూడండి...

మా తాతయ్య చెయ్యి ఏనాడూ వణకలేదండీ.