వైను సీసాలో వాము నీళ్ళు

ఆ రోజుల్లో తండ్రి కావడం ఎలాగో, వ్యాపారి కావడం ఎలాగో ఎవరూ నేర్పేవారు కాదు. మెడపట్టి తోసేసేవారు, ఈతొస్తే ఒడ్డుకి చేరతాం. నన్ను ఒకే నెలలో రెండింటిలోకీ తోశారు. అరవైల చివర, మద్యనిషేధం సడలించిన కొత్తల్లో, విజయనగరంలో నేనొక వైను షాపు తెరిచాను. (అంతకుముందు నేను తాగినవాటిలో ఘాటైనది మిరియాల చారు.) పదిరోజులు తిరక్కుండా మా ఆవిడ పుట్టింట్లో ఆడపిల్లను కన్నది. పుట్టిల్లంటే ఎక్కడో కాదు, షాపుకి రెండు వీధుల అవతలే. పైగా మాది మేనరికం, మా నాన్న చెల్లెలే మా అత్త. అందువల్ల అల్లుడి మర్యాదలేవీ నాకు దక్కలేదు. చిన్నప్పటి తిట్లే కొనసాగాయి.

"ఒరే, ఆ షాపు వాసనతో పిల్లని ముట్టుకున్నావంటే సూడు!" అని అత్త మొదటిరోజే చెప్పేసింది. పొద్దున్న వెళితే పిల్లకి నలుగు, నీళ్ళు, నిద్ర, మగాళ్ళకి ప్రవేశం లేదు. సాయంత్రం వెళితే గుమ్మంలోనే నిలబెట్టి "నోరు తెరిసి హా అను" అనేది. నేను హా అనడం, ఆవిడ ముక్కు ముడుచుకోవడం, నేను పిల్లను దూరం నుంచే చూసి వచ్చేయడం. లవంగం నమిలి వెళ్ళిన రోజున "దొంగోడే లవంగం నములుతాడు" అంది. లోపల్నుంచి మా ఆవిడ "బావా, ఈయాలేటి రుచి సూసినావు?" అని నవ్వేది. కన్నకూతుర్ని ఎత్తుకోవడానికి నోచుకోని నాకు ఆ నవ్వు ఒళ్ళు మండించేది.

నా తప్పేమీ లేదు. ఆ నెలలోనే బొంబాయి నుంచి మూడు కొత్తరకం వైనులు వచ్చాయి, ఎర్రదీ, తెల్లదీ, అల్లం వైనూ. ఏది బాగుంటుందని అడిగితే చెప్పాలిగా! అందుకని రోజుకో మూతెడు రుచి చూసేవాణ్ణి. చూస్తే చూశాను గాని, దాన్ని మాటల్లో పెట్టడం ఎలా? నా బుర్రనిండా పిల్లే ఉండేది. ఒకరోజు రిటైరైన మేష్టారొకాయన వచ్చి అడిగితే, "ఎర్రది తియ్యగా మొదలెట్టి తరవాత కాళ్ళు తంతుందండి. తెల్లది నీళ్ళుపోసి సాంబ్రాణి పొగ వేశాక ఉంటారే, అలా కిమ్మనదు. అల్లం వైను మాత్రం ముందు కెవ్వుమంటుంది, ఎందుకో మనకి తెలిసేలోపల ఊరుకుంటుంది. నాకదే ఇష్టం" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, "నానడిగింది వైను సంగతి బాబూ, మీ పాప సంగతి కాదు" అని, అల్లం వైనే పట్టుకెళ్ళారు.

ఇరవై ఒకటో రోజున పిల్లను ఉయ్యాల్లో వెయ్యాలి. తండ్రి చేతులమీదుగా వెయ్యడం మా ఇళ్ళలో ఆచారం. "వాసనొచ్చిందంటే మా బావగారే ఏస్తారు" అని అత్త ఖాయం చేసింది. ఆ బావగారు, అంటే మా మావయ్య అన్నగారు, నాకు పెదమావ, పొందూరు మనిషి. కట్టేది సన్న ఖద్దరు, మాట మాత్రం ముతక. మద్యం మాటెత్తితే నోరు కడుక్కునే రకం. ఎలాగైనా అత్తను మంచి చేసుకోవాలి. బాలింతకి బెల్లం వేసి కాచిన వాము నీళ్ళు పోసి ఉంచడానికి బిగుతు బిరడా ఉన్న సీసా లేదని ఆవిడ సణుగుతూంటే, ఎర్రవైను ఖాళీ సీసా ఒకటి వేడినీళ్ళతో కడిగి పట్టుకెళ్ళి ఇచ్చాను. ఇదేం సీసా అని అడిగితే "షర్బత్తు సీసా" అన్నాను. ఆవిడకి చదువు రాదు. దానిమీది ద్రాక్షగుత్తి బొమ్మ అందంగా ఉందని నేను కాగితం పీకకుండా వదిలేశాను. అంతకన్న తెలివితక్కువ పని నేను మళ్ళీ చెయ్యలేదు.

ఉయ్యాలరోజు షాపు మూసేశాను. అల్లం వైను వైపు కన్నెత్తి చూడలేదు. ముత్తయిదువలంతా చేరారు. మా ఆవిడ వాము నీళ్ళు అడిగితే అత్త అందరి మధ్యకీ ఆ సీసా తెచ్చి గ్లాసులో వంచింది, ఎర్రగా, చిక్కగా. పెదమావ వంగి ఆ కాగితం చదివారు. "వైను! బాలింతకి వైను పోస్తన్నారేటి మీరు? ఓర్నాయనో, ఈడి షాపు ఇంటిలోకొచ్చీసింది!"

అత్త నా వైపొక చూపు చూసింది. నేను నేలలోకి చూశాను. ఇరవయ్యేళ్ళుగా బావగారి ఎదుట గొంతెత్తని అత్త, గ్లాసు ఆయన ముందు పెట్టి, "సీసా ఏదైతే ఏటి బావగారూ, లోపలున్నవి నా సేతి వాము నీళ్ళు. తాగి సూడండి" అంది. ఆయన అనుమానంగా ఒక గుక్క తాగారు. కళ్ళు మూసుకున్నారు. గ్లాసంతా తాగేసి, చిన్నగా త్రేన్చి, "ఇంకా ఉన్నాదా?" అన్నారు. అంతే, ముత్తయిదువల నవ్వులకి ఉయ్యాల తాళ్ళు ఊగాయి.

అప్పుడు అత్త నాకేసి తిరిగింది. "ఇలా రా. హా అను." అన్నాను. ఆవిడ చాలాసేపు వాసన చూసింది. "ఏటీ వాసన నేదు. అబద్దం వాసనొక్కటే వస్తన్నాది. అది పిల్లకి అంటదులే, పట్టుకో" అని నా చేతుల్లో పెట్టేసింది. పిల్ల కెవ్వుమంది. ఎందుకేడ్చిందో తెలిసేలోపల నా వేలు పట్టుకుని ఊరుకుంది. "అల్లం వైనే!" అన్నాను పైకే. "ఏటన్నావు?" అంది అత్త. "ఏటీ నేదత్తా" అని పిల్లను ఉయ్యాల్లో వేశాను, నా చేతులతోనే.

షాపు తీసేసి చాలా ఏళ్ళయింది. మొన్న మా అమ్మాయి బాలింతయిన తన కోడలికి వాము నీళ్ళు కాచి, "నాన్నా, మంచి సీసా ఉన్నాదా?" అంది. అలమారులోంచి ఆ పాత సీసాయే తీసిచ్చాను. ద్రాక్షగుత్తి ఎప్పుడో చెరిగిపోయింది. ఆ మూడు వైనుల రుచీ నాకిప్పుడు ఒక్కటీ గుర్తులేదు. ఆ పిల్ల బరువు మాత్రం ఈ చేతులకి ఇంకా తెలుసు. మునిమనవణ్ణి ఎత్తుకుందామని గుమ్మం దాటబోతూ, ఎవరూ అడక్కుండానే ఆగి, నోరు తెరిచి హా అన్నాను.