కాళ్ళతో పుట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా

స్కూలు పిల్లల చొక్కాలకు కాలర్లు కుట్టే పనిలో చేరేదాకా నాకు నడుమనేది ఒకటుందని పెద్దగా తెలియదు. దేవుడిచ్చిన వాటిలో నొప్పి పెట్టనిదాన్ని ఎవరు తలుచుకుంటారు? తెలంగాణ వచ్చిన తర్వాత షాద్‌నగర్ చుట్టూ లేచిన షెడ్లలో ఒక రేకుల షెడ్డు మా కుట్టు కంపెనీ. నేను బడి మొహం చూసినదాన్ని కాదు. బాపు ఇంట్లోనే దేవుని పుస్తకాలు ముందర పెట్టి అక్షరాలు నేర్పాడు, అమ్మ కుట్టు నేర్పింది. ఆ మాత్రం దానికే నాకొక మిషనూ, దాని ముందొక స్టూలూ దొరికాయి. మొదటి రోజు ఆ స్టూలుకు దండం పెట్టి కూర్చున్నాను.

దండం తప్ప దానికి ఇంకేం పెట్టినా లాభం లేదు. వెనుక ఆనుకోవడానికి ఏమీ లేదు. ఎత్తు ఎక్కువ. ఒక కాలు పెడల్ మీద ఉంటే ఇంకో కాలు గాలిలో ఉండేది. పొద్దున కూర్చుంటే అన్నం గంటకు లేవాలి, మళ్ళీ కూర్చుంటే ఇంటికి పోయే గంటకే. నా ముందున్నామె భుజాలు కలిపిన చొక్కా నాకు ఇస్తుంది, నేను కాలర్ వేసి వెనుకనున్న, అందరం పెద్దక్క అని పిలిచే ఆమెకు ఇస్తాను, ఆమె చేతులు అతికి కాజాల మిషన్‌కు పంపుతుంది. ఒక్కరు లేస్తే చొక్కా అక్కడే నిలబడిపోతుంది. చొక్కా నిలబడకూడదు కాబట్టి మేము నిలబడకూడదు.

ఏడాది తిరిగేసరికి వంగితే లేవలేను, లేస్తే వంగలేను. వాకిట్లో ముగ్గు వేయడానికి కూర్చుని, లేవడం చేతకాక, పాలాయన వచ్చి చేయి అందించేదాకా ఆ ముగ్గునే పెంచుకుంటూ పోయిన రోజులున్నాయి. గల్లీలో వాళ్ళు నా భక్తిని మెచ్చుకున్నారు.

దవాఖానలో డాక్టరమ్మ చిన్న వయసుది. గోలీలు రాసిచ్చింది కానీ వాటి మీద ఆమెకే పెద్ద నమ్మకం ఉన్నట్టు లేదు. "మందుకంటె లేచుడు ముఖ్యం అమ్మా. అరగంట కూసుంటె రెండు నిమిషాలు తిరగాలె. రెండు కాళ్ళు నేలకు ఆనాలె, నడుము ఎనక తువ్వాల చుట్టి పెట్టుకోవాలె. గిట్లనే కూసుంటె జల్ది కుట్టుడే బందు చెయ్యాల్సొస్తది" అంది.

కుట్టుడు బందంటే ఇల్లే బందు. మా ఆయనది మార్కెట్లో మూటలు మోసే పని, పంట వస్తేనే మూట. ఇద్దరు బిడ్డల చదువు నా కాలర్ల మీదనే నడుస్తోంది.

సూపర్‌వైజర్‌కు చెప్పుకున్నాను. ఆయన చెడ్డవాడు కాదు, ఆయన పైన కూడా ఒకరున్నారు, అంతే. "నువ్వు లేస్తె పెద్దక్క ఆగుతది, పెద్దక్క ఆగితె కాజాలు ఆగుతయ్, కాజాలాగితె నన్ను ఆపుతరు. నువ్వెట్ల లేస్తవ్ చెప్పమ్మా?" అన్నాడు. డాక్టరమ్మ చెప్పినట్టు తువ్వాల మాత్రం చుట్టి తీసుకుపోయాను. ఆనుకోవడానికి ఏమీ లేని స్టూలుకు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక భుజం మీద వేసుకుని కుట్టాను.

అట్లా ఉండగా ఒక రోజు కింద పడిన దారపు ఉండ కోసం వంగిన పెద్దక్క వంగినట్టే ఉండిపోయింది. నడుము పట్టేసింది. ఇద్దరు పట్టుకున్నా నిటారు కాలేదు. లైను ఆగింది. కాజాల మిషన్ మీదున్న ఆమె లేచి, షెడ్డంతా వినపడేటట్టు, కాళ్ళతో పుట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగింది.

మా వైపు నమ్మకం ఇది. తలకు బదులు కాళ్ళు ముందుగా బయటికొచ్చి పుట్టినవాళ్ళు, పట్టేసిన నడుము మీద కాలు పెడితే నడుము వదులుతుంది. ఒక్కటే షరతు, వాళ్ళ కాలు వాళ్ళ నడుముకు పనిచేయదు.

నా చేయి దానంతటదే లేచింది. చిన్నప్పుడు కోస్గి దగ్గర మా ఊళ్ళో ఎవరికి నడుము పట్టినా అవ్వ నన్నే చేయి పట్టి తీసుకుపోయి తొక్కించేది.

పెద్దక్కను బట్టల మూటల మీద బోర్లా పడుకోబెట్టారు. పెద్ద మనిషి మీద కాలు పెట్టడం పాపం కాబట్టి ముందు ఆమె కాళ్ళకు మొక్కాను, దేవుణ్ణి క్షమించమని అడిగాను, అప్పుడు మడమ ఆనించి తొక్కాను, తర్వాత మళ్ళీ కాళ్ళకు మొక్కాను. తొక్కింది క్షణం, మొక్కింది చాలాసేపు. పెద్దక్క కాసేపు అట్లాగే పడుకుని, మెల్లగా లేచి, నిటారుగా నడిచి పోయి కూర్చుంది.

మరునాటి నుంచి కంపెనీలో అందరికీ నడుములు గుర్తుకొచ్చాయి. సూపర్‌వైజర్‌కు ఇది నచ్చింది, ఎందుకంటే పట్టిన నడుము కంటే తన్నిన నడుము చొక్కాలు ఎక్కువ కుడుతుంది. నొప్పి ఉన్నామె మిషన్ మీద ఎర్ర గుడ్డ ముక్క పెట్టాలని, నేను పోయి తొక్కి రావాలని, నేను లేచినప్పుడు నా కాలర్లు కాజాల ఆమె వేయాలని ఏర్పాటు చేశాడు. మొన్న నన్ను లేవద్దని మీరే అన్నారు కదా సార్ అని అడిగాను. "లేచుడు వేరు, తన్నుడు వేరు" అన్నాడు.

మేనేజర్ సారు ఓనరుకు బావమరిది. హైదరాబాదు నుంచి కారులో కూర్చుని వచ్చి, కుర్చీలో కూర్చుని, మళ్ళీ కారులో కూర్చుని పోయే మనిషి, చొక్కా మీదనే నడుము నొప్పి బెల్టు వేసుకునేవాడు. ఆయన కూడా ఎర్ర గుడ్డ పంపాడు. కింద దుమ్మని చెప్పి కటింగ్ టేబుల్ మీద పడుకున్నాడు. అంత ఎత్తుకు నా కాలు అందక, స్టూలు ఎక్కి, పెద్దక్క భుజం పట్టుకుని, జీతమిచ్చే మనిషికి మొక్కి మరీ తొక్కాను. జర గట్టిగ, అన్నాడాయన గుడ్డలోకి మొహం పెట్టి. రెండు రోజుల తర్వాత బెల్టు తీసేశాడు.

ఈ హడావిడిలో నేను గమనించనిది మా ఆయన గమనించాడు. "పొద్దుందాక మందిని తన్నుకుంట తిరుగుతున్నవ్, నీ నడుమే సక్కగైంది" అన్నాడు. నిజమే, ముగ్గు వేసి నా అంతట నేనే లేస్తున్నాను. డాక్టరమ్మకు జరిగింది చెప్తే ఆమె నవ్వలేదు. రోజుకు ఎన్నిసార్లు లేస్తున్నావని మాత్రం అడిగింది. ఎందుకోసం లేస్తవో నీ ఇష్టం, లేచుడు మాత్రం ఆపకు అంది. తన్నే భాగ్యమిచ్చి నన్ను లేపుతున్న దేవుడికి ఆ శనివారం కొబ్బరికాయ కొట్టాను.

కొబ్బరికాయ కొట్టిన వారానికే అమ్మ మనవరాళ్ళను చూడటానికి వచ్చింది. చిక్కుడుకాయలు తుంచుతూ నా కథంతా విని, తల ఎత్తకుండానే అంది. "కాళ్ళతోని పుట్టింది నువ్వెందుకైతవ్ బిడ్డా? నువ్వు తలతోనే పుట్టినవ్. కాళ్ళతోని పుట్టింది మీ అక్క."

అక్కకు చిన్నప్పుడు సిగ్గు ఎక్కువట. ఎవరైనా నడుము పట్టుకుని వస్తే గడ్డివాము వెనక్కు పోయి దాక్కునేదట. వచ్చినవాళ్ళను ఉత్తగా పంపలేక అవ్వ, అదే కడుపున పుట్టింది కదా పనిచేస్తదిలే అని, నన్ను తీసుకుపోయేదట. పనిచేసిందట. నాకెందుకు చెప్పలేదమ్మా అంటే, బాగైతున్నదాన్ని చెప్పి చెడగొట్టుడెందుకు అంది.

ఇన్నాళ్ళూ నాది పుట్టుకతో వచ్చిన వరమనుకుని పెద్దవాళ్ళ మీద కాలు పెట్టాను. ఇప్పుడు చూస్తే ఊరికే తన్నాను. చెప్పేస్తే మళ్ళీ స్టూలు, మళ్ళీ నడుము, కొన్నాళ్ళకు కుట్టుడే బందు. చెప్పకపోతే రోజూ ఏ మొహంతో దీపం పెట్టను? దేవుని ముందు కూర్చుంటే నాకు రెండు వైపులా బిడ్డలే కనిపించారు, చెప్తే వాళ్ళ చదువు పోతుంది, చెప్పకపోతే నా పాపం వాళ్ళకు తగులుతుంది. అయినా పొద్దున పోయి చెప్పాను.

సూపర్‌వైజర్, ఎవ్వరికీ చెప్పకు అన్నాడు. నేను అప్పటికే పెద్దక్కకు చెప్పేశాను. ఆమె కోపగించుకుంటుందనుకున్నాను.

"మీ అమ్మకు యాది లేకపోవచ్చు చెల్లె. నా నడుముకు యాదున్నది" అంది.

ఎంత చెప్పినా నా కాలు ఇక లేవలేదు. ఊళ్ళో ఉన్న మా అక్కకు ఫోన్ చేశారు. కందులు కొయ్యాల్సి ఉంది, అయినా నాకు సిగ్గు, అని ఆమె పెట్టేసింది. నేను స్టూలెక్కి కాలర్లు కుట్టాను. నాలుగు రోజులకే నడుము మళ్ళీ పలకరించింది. లైనులో ఇద్దరు వంగినవాళ్ళు వంగినట్టే ఉన్నారు.

ఇక లాభం లేదని అన్నం గంటలో అందరూ తల్లులకు ఫోన్లు చేసుకోవాలని సూపర్‌వైజర్ చెప్పాడు. షెడ్డంతా పురుళ్ళే. ఒకామె బండిలో పుట్టిందట, ఒకామె పత్తి చేలో పుట్టిందట, అందరూ తలతోనే. ఏం గోల అని బయటికొచ్చిన మేనేజర్ సారు విషయం విని, తనూ పక్కకు పోయి వాళ్ళమ్మకు ఫోన్ చేశాడు. వచ్చేటప్పుడు ఆయన మొహం వేరేగా ఉంది.

"నేనేనంట" అన్నాడు.

సంతోషించడానికి ఎవరికీ ధైర్యం రాలేదు. పరాయి మగాయన, పైగా సారు, ఆడవాళ్ళ నడుము మీద కాలు ఎట్లా పెడతాడు? ఉత్తగనే లేచి తిరిగి వచ్చినా తగ్గుతుందని డాక్టరమ్మ మాట నేను చెప్పి చూశాను. ఉత్తగ లేచి తిరిగితె కంపెనీ అంటరా దీన్ని, అన్నాడు సూపర్‌వైజర్. చివరికి ఉపాయం ఆయనే కనిపెట్టాడు. తానుల కింద పరిచే పొడుగాటి చెక్క ఒకటి తెచ్చి మూల వేయించాడు. పొద్దున రాగానే మేనేజర్ సారు బూట్లు విప్పి దాని మీద నిలబడాలి. తర్వాత రోజంతా మేము వంతుల ప్రకారం పోయి దాని మీద పడుకుని రావాలి. కాలు చెక్కకు, చెక్క నడుముకు. మర్యాదకు మర్యాద, వైద్యానికి వైద్యం.

వంతు అందరికీ వచ్చింది కాబట్టి నాకూ వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా నడుముకు ఒకరి కాలు దొరికింది. స్టూలు దిగి, షెడ్డు ఆ చివరిదాకా నడిచి, చెక్కకు మొక్కి, పడుకుని రేకుల కప్పు చూస్తూ స్వామిని తలుచుకునేదాన్ని. అక్కడ మనసు పెట్టి తలుచుకున్నంతగా గుడిలో కూడా తలుచుకోలేదు. నా కాలర్లు ఆగలేదు. బిడ్డల చదువులూ ఆగలేదు.

దసరాకు ముందు ఆర్డర్లు ఎక్కువై మేనేజర్ సారు పొద్దుందాక కుర్చీలోనే కూర్చున్న రోజులవి. ఒకనాడు నా వంతు అయిపోయి లేస్తుంటే ఆయన పక్కన నిలబడి ఉన్నాడు, చొక్కా మీద మళ్ళీ బెల్టుతో. చుట్టూ చూసి మెల్లగా అడిగాడు.

"అమ్మా, నా కాలు నాకు పనిచేయదంటరు కదా. నేను పండుకుంటె తగ్గుతదా?"

కుర్చీ లేచి ఇంతదూరం నడిచి రానే వచ్చాడు కాబట్టి, ఈసారి నేను తెలియక కూడా అబద్ధం ఆడాల్సిన పని లేకపోయింది.

"పండుకోండ్రి సార్, తగ్గుతది" అని చెప్పి, ఆయన బూట్లు విప్పుతుంటే చెక్క మీది దుమ్ము కొంగుతో తుడిచి, కాలర్ల దగ్గరికి పోయాను.