పుదీన మడి దగ్గర బూట్లు విప్పే మైదానం

"ఈ ఆదివారం మన సార్ ఆఖరి మ్యాచ్. ఇగ దిగిపోతుండు. వస్తవా, రావా?" అని మల్లేశన్న ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు. మల్లేశన్నది తూంకుంట చౌరస్తాలో మిర్చి బజ్జీల బండి. సార్ అంటే నర్సింలు సార్. తూంకుంట నుంచి దేవరయాంజాల్ వెళ్లే దారిలో ఆడే ఊరి ఫుట్‌బాల్ టీంకు ఇరవై రెండేళ్లుగా ఆయనే మేనేజర్. ఆట నేర్పడం, సున్నం గీతలు వేయడం, చిరిగిన బంతి కుట్టించడం అన్నీ ఆయనే. తొంభైల్లో తూంకుంటలో అద్దెకున్నన్నాళ్లు నేను ఒక్క ఆదివారం మ్యాచ్ కూడా వదల్లేదు. ఆ తర్వాత ఆరేళ్లు అటు వెళ్లలేదు. దానికి కారణం ఉంది. కోపంలో నేను సార్‌కు ఒక పేరు పెట్టాను, అది ఆయనకు అతుక్కుపోయింది. ఆయన దిగిపోయాక జనం నోట ఏ పేరు మిగులుతుందో చూద్దామని బయల్దేరాను.

పన్నెండున్నరకు జూబ్లీ బస్‌స్టేషన్‌లో శామీర్‌పేట బస్సెక్కాను. టికెట్ ఏడు రూపాయలు. అల్వాల్, హకీంపేట మీదుగా ముప్పావు గంటలో దిగుతావన్నాడు కండక్టర్. ఆదివారం పెళ్లిళ్ల రద్దీ వల్ల గంట దాటింది. నిలబడి వెళ్లడం ఇష్టం లేనివాళ్లు పదకొండు లోపు ఎక్కడం మేలు. హకీంపేట దాటాక ఒకప్పుడు ద్రాక్ష తోటలున్న చోట తెల్ల హద్దురాళ్లు వరసగా పాతి ఉన్నాయి. తూంకుంటలో దిగేసరికి మల్లేశన్న మొదటి వాయి తీస్తున్నాడు. ప్లేటు ఐదు రూపాయలు, నాలుగు బజ్జీలు, ఉల్లిపాయ ముక్కలు అడిగినన్ని.

"కప్పు పాయె, పుదీన మిగిలె" అన్నాడు పలకరింపుగా. ఆరేళ్లుగా ఆయన పలకరింపు అదేనట.

ఆ కథ తెలియనివాళ్ల కోసం చెబుతాను. మైదానానికి ప్రహరీ లేదు. ఒక మూలన గోల్ పక్కనే బీబమ్మ పుదీన మడి ఉంది. రోజూ తెల్లారి కట్టలు కట్టి బొల్లారం తీసుకెళ్లి అమ్ముతుంది. ఆమె ఇల్లు దాని మీదే గడుస్తుంది. బంతి మడిలో పడినప్పుడల్లా ఆటగాళ్లు బూట్లతో దిగి తొక్కేస్తుంటే, ఆమె విసిగిపోయి చుట్టూ ముళ్లకంప వేస్తానంది. కంప వేస్తే బంతి ఒక్క పూట కూడా బతకదు. "కంప వద్దమ్మా, మావోళ్లు బూట్లిప్పి దిగుతరు" అని నర్సింలు సార్ మాటిచ్చారు. అప్పట్నుంచి సొంత టీమైనా, బయటి టీమైనా అదే పద్ధతి. ఆరేళ్ల కిందట మా మైదానంలోనే ఫైనల్ జరిగింది. ఒక గోల్ వెనకబడి ఉన్నాం, చివరి నిమిషాలు, మాకు కార్నర్ దొరికింది. మాకున్నది ఒకటే మంచి బంతి, అది పుదీనలో పడింది. మా శ్రీను కూర్చుని లేసులు విప్పి, దిగి, తెచ్చి, మళ్లీ తొడుక్కుని కొట్టేలోపు టైం అయిపోయింది. అప్పుడు నేను గొంతు చించుకుని, "పుదీన అమ్ముకో పో సారూ" అని అరిచాను. మైదానమంతా నవ్వింది. చీకటి పడేసరికి ఆయన పుదీన సార్ అయిపోయారు.

మల్లేశన్న బండి తమ్ముడికి అప్పగించాడు. ఇద్దరం దేవరయాంజాల్ షేర్ ఆటో ఎక్కాం. మనిషికి మూడు రూపాయలు.

"గ్రౌండంటే పుదీన సార్ గ్రౌండేనా?" అన్నాడు డ్రైవర్.

"ఆయన అసలు పేరేంది?" అని అడిగాను.

"ఏమో అన్నా, గదే పేరు గావచ్చు."

మల్లేశన్న నన్ను మోచేత్తో పొడిచాడు. నాకు సిగ్గేసింది. ఇరవై రెండేళ్లు టీంను నడిపిన మనిషిని ఒక్క కేకతో మడిలోకి తోసేశానన్నమాట.

"కొత్త మేనేజర్ చెప్పిండు, ఇయ్యాల్టి సంది బూట్లు విప్పుడు లేదట. టైం వేస్టంట" అన్నాడు మల్లేశన్న.

"మంచిదే గద. ఆరేండ్ల సంది నువ్వు తిట్టేది గందుకే."

"మంచిదే" అన్నాడు. మైదానం వచ్చేదాకా ఆటో బయటికే చూస్తూ కూర్చున్నాడు.

మేము వెళ్లేసరికి బీబమ్మ మడిలో వంగి గబగబా కోస్తోంది. సగం మడి ఖాళీ అయింది.

"ఏందమ్మా, గింత లేతది కోస్తున్నవ్?" అని అడిగాను.

"క్యా కర్నా బేటా, ఏం జెయ్యాలె. నిన్న సార్ ఇంటికొచ్చిండు. అమ్మా, రేపటి సంది నా మాట నడ్వది, జర జూస్కో అన్నడు. తొక్కినంక ఎవరు కొంటరు? ఉన్నకాడికి కోస్కుంట."

ఆఖరి మ్యాచ్ అన్నది పేరుకే, టీంను అప్పుడే కొత్త మేనేజర్ నడిపిస్తున్నాడు. సార్‌ను సన్మానానికి ముందు వరసలో కుర్చీలో కూర్చోబెట్టారు. వేసిన దండ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. దగ్గరికి వెళ్లే ధైర్యం చాలక నేను మల్లేశన్న పక్కనే నిలబడ్డాను.

మూడున్నరకు ఆట మొదలైంది. గొప్పగా ఏమీ లేదు. మొదటి సగంలోనే మావాళ్లు ఒక గోల్ ఇచ్చారు, తిరిగి కొట్టలేకపోయారు. చివరి నిమిషాల్లో అవతలి ఆటగాడి కాలికి తగిలి బంతి పుదీనలో పడింది. మళ్లీ మాకే కార్నర్. మళ్లీ శ్రీనే. ఇప్పుడు వాడికి ముప్పై దాటాయి, పొట్ట కూడా వచ్చింది.

"బూట్లతోనే దిగు, జల్దీ" అన్నాడు కొత్త మేనేజర్.

శ్రీను గట్టు మీద ఆగి సార్ వైపు చూశాడు. సార్ తల వంచుకుని ఒళ్లోని దండ చూసుకుంటున్నారు. బీబమ్మ కోసిన కట్టలు కొంగులో వేసుకుని మిగిలిన సగం ముందు నిలబడింది.

"శ్రీనూ, బూట్లిప్పు" అన్నాడు మల్లేశన్న.

కొత్త మేనేజర్ వెనక్కి తిరిగి చూశాడు.

"ఇప్పురా. ఏమైతది, ఓడిపోతం, గంతే గద" అన్నాడు మల్లేశన్న మళ్లీ. మా వెనక ఇంకొకరు అదే మాట అన్నారు. ఆపైన ఆ వైపు వరసంతా అంది. నేనూ అరిచాను, ఆరేళ్ల కిందట అరిచినంత గట్టిగా. శ్రీను కూర్చుని లేసులు విప్పాడు. సాళ్ల మధ్య ఒక్కో అడుగూ చూసుకుంటూ వెళ్లి బంతి తెచ్చాడు. రెఫరీ గడియారం చూసుకున్నాడు. కార్నర్ కొట్టేలోపే విజిల్ పడింది. ఓడిపోయాం. ఎవరూ తిట్టలేదు. బీబమ్మ కొడవలి నడుముకు దోపుకుని ఇంటికి వెళ్లింది, మిగతా సగం కోయలేదు.

జనం పలచబడ్డాక సార్ దగ్గరికి వెళ్లాను. "సార్, మీకు గా పేరు పెట్టింది నేనే" అన్నాను.

"తెల్సు. గొంతు గుర్తున్నది" అన్నారు. ఒళ్లోని దండ కుర్చీకి తగిలించి, "ఇయ్యాల గూడ గదే గొంతు" అన్నారు.

తిరుగు ప్రయాణానికి ఏడు దాటకుండా చౌరస్తా చేరితే బస్సులు దొరుకుతాయి. చూడాలనుకుంటే దేవరయాంజాల్‌లో పాత సీతారామస్వామి గుడి ఉంది, నాకు ఆ పూట తీరిక దొరకలేదు. బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది. సార్ ఎన్ని కప్పులు గెలిపించారని నేను అడగలేదు, రోజంతా ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నేను పెట్టిన పేరు పోలేదు, ఇక పోదు కూడా. పోవాలని ఇప్పుడు నాకూ లేదు. తన మాట ఇక చెల్లదని ఆయన ఒప్పుకున్నాక, ఆయన్ని తిట్టినవాళ్లే ఆ మాట నిలబెట్టారు. ఆదివారం పూట ఆ మైదానంలో ఎవరినైనా ఆడనిస్తారు, అడిగితే చాలు. వెళ్లేవాళ్లకు ఒకటే సలహా. లేసులు మరీ బిగించి ముడి వేసుకోకండి.