మర్యాదకి తాగిన టీలు

కంకిపాడు దాటిన పది నిమిషాలకి పొట్టలో మెలిపెట్టింది. బస్సు నిండా జనం. నేను కండక్టర్‌ని. సిగ్గు విడిచి, "బాషా అన్నయ్యా, బండి ఆపండి" అని డ్రైవర్‌ని బతిమాలాను. రోడ్డు పక్క ఇంట్లోకి పరుగెత్తి, ముక్కూమొహం తెలియని ఆవిడ బాత్‌రూమ్ వాడుకున్నాను. తిరిగొచ్చేసరికి బస్సంతా నా కోసమే చూస్తోంది.

ఆ తర్వాత నెలల తరబడి అదే వరస. విజయవాడలో గ్యాస్ట్రో డాక్టరుగారు బరువు తగ్గానా, రక్తం పడుతోందా అని అడిగారు. రెండూ లేవు. బ్లడ్ టెస్ట్, స్టూల్ టెస్ట్, కొలనోస్కోపీ అన్నీ నార్మల్. "ఇది ఐబీఎస్ అమ్మా. పుండు లేదు, క్యాన్సర్ కాదు. మీ పేగుకి కంగారెక్కువ, అంతే" అన్నారు. అచ్చం నా పోలికే అనుకున్నాను.

మందులతో కొన్నాళ్లు హాయిగా ఉంది. మళ్లీ మొదలైంది. ఇక లాభం లేదని, ఆఫీసులో పని ఇప్పించమని డిపోలో అర్జీ పెట్టాను. జనం మధ్య తిరగడమంటే నాకు ప్రాణం. అర్జీ ఇచ్చిన రోజు బాగా ఏడ్చాను.

ఈసారి డాక్టరుగారు రోజూ తిన్నవీ తాగినవీ ఫుడ్ డైరీలో రాయమన్నారు. భోజనాల దగ్గర బాషా అన్నయ్య అది చదివి పకపకా నవ్వారు.

"రోజుకి రెండు టీలేంటి చెల్లెమ్మా? ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి... పోనూ రానూ కొట్టుకొకటి నీ చేతిలో పెడతారుగా!"

"అవి మర్యాదకి తాగేవి కదన్నయ్యా!"

"ఆ మర్యాద నీ పేగుకి తెలుసా?"

నిజమే. వద్దంటే కొట్టువాళ్లు చిన్నబుచ్చుకుంటారని తాగేదాన్ని. ఇంట్లో తాగినవే డైరీలో రాశాను. అన్నీ కలిపితే ఎనిమిది! డైరీ సరిదిద్ది చూపిస్తే, "టీ, పాలు కొన్ని వారాలు మాని చూద్దాం" అన్నారు డాక్టరుగారు. వేళకి తిండి, మందులు మామూలే.

ప్రతి కొట్టు దగ్గరా అన్నయ్యే చాటింపు వేశారు. పామర్రు కొట్టు తాతగారు, "ముందే చెప్పకూడదా అమ్మా!" అని కోప్పడి, అదే గ్లాసులో గోరువెచ్చని నీళ్లిచ్చారు.

నొప్పి పూర్తిగా పోయిందనను, అప్పుడప్పుడు పలకరిస్తుంది. కానీ బస్సాపి పరుగెత్తే రోజులు పోయాయి. అర్జీ వెనక్కి తీసుకున్న రోజు ఎంత సంతోషమేసిందో! టికెట్లు కొడుతూ పాటందుకుంటే, ముందు సీట్లో ఆడవాళ్లు గొంతు కలిపారు.

మీకూ డైరీ రాయమని చెబితే, రోజంతా మీ పక్కన పనిచేసే మనిషికి ఒకసారి చూపించాకే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.