ముందు వచ్చినోళ్లు తినాలె

ఆకలి, భయం, ఆశ, ఇవే మనిషిని నడిపిస్తాయని మా మనవడు మనస్తత్వశాస్త్రం పాఠం వల్లె వేస్తున్నాడు. వంటింట్లోంచి జొన్నరొట్టె కాలుతున్న వాసన వచ్చింది. నీ పాఠంలో ఒకటి తక్కువైందన్నాను.

తెలంగాణ సాయుధ పోరాటం నాటి మాట. మా దొరల గడిలోని ధాన్యాన్ని సంఘం వాళ్లు ఊరికి పంచాక, నాయనమ్మ, నేను ఊరు విడిచి వచ్చి జనగామలో ఒక కిరాయి గదిలో ఉన్నాం. ముందురోజు నుంచి పొయ్యి వెలగలేదు. ఒకప్పుడు మా ఇంట్లో వెట్టి చేసిన ఎల్లవ్వ కొంగులో రెండు జొన్నరొట్టెలు కట్టుకొచ్చింది. నేను చెయ్యి చాచబోతే నాయనమ్మ ఆపింది.

"ముందు వచ్చినోళ్లు తినాలె."

ఎల్లవ్వను తన చాప మీద కూర్చోబెట్టి, విస్తరిలో రొట్టె పెట్టింది.

"నేను తెచ్చిన రొట్టె నాకే పెడ్తున్నవా దొరసానీ?" ఎల్లవ్వ పకపకా నవ్వింది. "గడిల ఉన్నప్పుడు గీ చాప యాడికి వొయింది?"

"అప్పుడే ఎయ్యాల్సుండె. ఇప్పుడన్న కూసొని తిను."

నాయనమ్మ ఆ విస్తరి వైపు చూడకుండా ముఖం తిప్పుకుంటే కోపమనుకున్నాను. అది ఆకలని పెద్దయ్యాక తెలిసింది.

ఎల్లవ్వ తిని చెయ్యి కడుక్కున్నాకే నాయనమ్మ రెండో రొట్టె తుంచింది. పెద్ద ముక్క నాకిచ్చి, తను నడుము వంచకుండా కూర్చుని నెమ్మదిగా నమిలింది. మాది గొప్ప ఇల్లని నాకు తెలిసింది ఆ కిరాయి గదిలోనే.