ద్రోప్ ఎందుకు లావెక్కింది

నెదర్లాండ్స్‌లోని హార్లింగెన్ రేవులో ముప్పై ఎనిమిదేళ్లు పడవలకు దారివ్వడానికి వంతెన ఎత్తి దించిన మనిషి వీబె. ఒక్కనాడూ పొరపాటు పడలేదు. అలాంటివాడు డెబ్భై తొమ్మిదో ఏట వంటింట్లో గిన్నె పట్టుకుని, పిల్లికి తిండి పెట్టానా లేదా అని పాలుపోక నిలబడ్డాడు.

పిల్లి పేరు ద్రోప్. ఒళ్లంతా నలుపు, మెడ కింద మాత్రం తెల్లటి మచ్చ. భార్య పోయాక వీబె ఆరు నెలలపాటు మధ్యాహ్నం దాకా మంచం దిగలేదు, రొట్టెముక్క కూడా సహించేది కాదు. ద్రోప్ వచ్చాక ఆ ఆటలు సాగలేదు. ఏడు కొట్టగానే గుండెల మీదెక్కి కూర్చునేది. లేవాలి, దానికి పెట్టాలి, పెట్టాక తానూ తినాలి. నాలుగు మాటలు చెప్పుకోడానికి ఇంట్లో ఒక ప్రాణి ఉంది. ఎదురు చెప్పదు, అదొక సుఖం.

ఇప్పుడు ఆ ద్రోపే కొంప ముంచేలా ఉంది. పశువుల డాక్టరు తూచి చూసి, ఏడు కిలోలు దాటింది, పెట్టింది మరిచిపోయి మళ్లీ పెడుతున్నట్టున్నారు అన్నాడు. వీబె ఒప్పుకోలేదు. ఆ దేశంలో అందరిళ్లలో లాగే అతని మరుగుదొడ్డిలోనూ బంధువుల పుట్టినరోజులు రాసుకునే కేలెండరు వేలాడుతోంది. పిల్లికి పెట్టినప్పుడల్లా దాని మీద ఒక గీత గీశాడు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మూడు వారాలకు పిల్లి ఇంకో పావుకిలో పెరిగింది. పైగా సాయంత్రం గిన్నె చూసి మూతి తిప్పుకుంటోంది. గీత గీయడం కూడా మరిచిపోతున్నానా అని వీబెకు భయం పట్టుకుంది.

సంగతి తెలిసి వచ్చిన కూతురు నిన్కె ఆ కేలెండరు మీది గీతలు వేలితో లెక్కపెట్టింది. "నాన్నా, ఇవాళ పిల్లి. రేపు పొయ్యి ఆపడం మర్చిపోతే?"

శనివారం వచ్చి ద్రోప్‌ను ఎవరికైనా ఇచ్చేస్తానని, ఆ తర్వాత వృద్ధాశ్రమం సంగతి చూద్దామని చెప్పి వెళ్లింది. మతి పోయిందన్నాక, పోలేదని ఎలా చూపించాలో ఆ పెద్దమనిషికి అంతుపట్టలేదు.

గురువారం రొట్టె కోసం బయల్దేరాడు. ఆ వీధిలో కిటికీలకు ఎవరూ తెరలు వేయరు, అలాగని ఎవరూ లోపలికి చూడరు. చూడడం మర్యాద కాదని తల్లి చిన్నప్పుడే చెవి మెలిపెట్టి నేర్పింది. ఇన్నేళ్లూ వీబె తల వంచుకునే నడిచాడు. ఆరోజు గాలికి టోపీ ఎగిరి నాలుగో ఇంటి కిటికీ కింద పడింది. వంగి తీసుకుని తలెత్తాడు. లోపల పూలకుండీల మధ్య పింగాణీ పళ్లెం, పళ్లెంలో చేప, చేప మీద ద్రోప్.

మర్యాద మరిచి గుడ్లప్పగించి చూశాడు. ఇంట్లోంచి ఒక ముసలావిడ తలుపు తీసింది.

"ఏంటండీ, కొంపలోకి తొంగిచూస్తున్నారు?"

"అది నా పిల్లి."

"మీదేంటండీ, వీడు మా పిల్లి, పేరు పాస్టరు. ఆ తెల్ల కాలరు చూడండి, అచ్చం చర్చి పాస్టరుదే." వీబె చెప్పిన గీతల సంగతి విన్నాక ఆవిడ గొంతు తగ్గింది. "సాయంత్రమయ్యేసరికి కనపడడు. తలుపు తీసి బయటికి వదిలి, ఆ సంగతి నేనే మర్చిపోతున్నాననుకున్నా. మా అబ్బాయికి కూడా చెప్పలేదు. వీడొచ్చాకే మధ్యాహ్నం పొయ్యి వెలిగిస్తున్నానండీ."

వీబెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మతి ఉన్నందుకు సంతోషం, పిల్లి మోసం చేసినందుకు ఉక్రోషం, రెండూ ఒకేసారి వచ్చాయి. ఆవిడ కాఫీ ఇచ్చింది, పక్కన ఒక్క బిస్కెట్టు. ద్రోప్ ఇద్దరినీ పట్టించుకోకుండా మూతి నాక్కుంది.

ఇంటికొచ్చి కూతురికి ఫోన్ చేశాడు.

"నేనేదీ మర్చిపోలేదమ్మా. గీతలన్నీ నిజమే."

జరిగిందంతా విని నిన్కె ముక్కు చీదింది. శనివారం పిల్లిబుట్ట లేకుండానే వస్తానంది. "ఇంతకీ ఆవిడ పేరేంటి నాన్నా?"

వీబె నోరు తెరిచాడు. గంటసేపు కూర్చున్నాడు, కాఫీ తాగాడు, పేరు మాత్రం అడగలేదు.

"మర్చిపోయాను," అన్నాడు. ఆ మాట అనడానికి భయం వేయకపోవడం చూసి తనే ఆశ్చర్యపోయాడు. "రేపు వెళ్లి అడుగుతాలే."