కుజుడి మీద సెలవులుండవు

ఆ రోజుల్లో నేను బెజవాడలో, బందరు కాలువ లాకుల దగ్గర గుమాస్తాను. నీటిమట్టం చూసి రాయడం, పడవలను దాటించడం నా పని. తీరిక దొరికితే ఒక కథ రాసుకునేవాణ్ణి. అందులో కుజుడి మీద ఒక ఊరు. ఆ ఊరి ఎండావానా అన్నీ ఒక యంత్రం చేతిలో ఉంటాయి. యంత్రం నడిపేవాడు నవ్వితే ఎండ కాస్తుంది, దిగులుపడితే ముసురు పడుతుంది. కన్నతల్లి కబురు పెట్టినా వాడు యంత్రం వదిలి కదలడు. వాణ్ణి చూసి నేనే మురిసిపోయేవాణ్ణి.

శ్రావణంలో పెడనలో మా బావమరిది పెళ్లి. వాళ్లది నేతపని. మా ఆవిడకు ఒక్కడే తమ్ముడు.

"కృష్ణకు వరదలొచ్చే రోజులు. లాకులు వదిలి నేనెలా వస్తాను? నువ్వెళ్లు" అన్నాను.

ఆమె వాదించలేదు. సాయంత్రం బియ్యం ఏరుతూ కథ చదవమంది. చదివాను.

"అయితే మీవాడు ఏడిస్తే వాన పడుద్దా అండీ?"

"పడుతుంది."

"ఇంటికి పోలేక వాడేడుస్తుంటే ఊరంతా తడిసి చస్తోంది. ఒక్క పూట సెలవు పెడితే జనం బట్టలన్నా ఆరతాయి గదా."

"కుజుడి మీద సెలవులుండవు."

"బెజవాడలో ఉంటాయేమో, అడిగారా?"

అడగలేదు. మర్నాడు సూపర్వైజరు గారిని అడిగాను, ఇవ్వరన్న ధైర్యంతోనే.

"వెళ్లిరావయ్యా బాబూ. ఏడాదిగా నీ మొహమే చూస్తున్నాం. నువ్వు లేకపోతే కృష్ణ ఆగుద్దా ఏంటి?" అన్నారాయన.

సంతోషించాల్సింది పోయి చిన్నబుచ్చుకున్నాను. వరద ఒట్టి సాకు. పెళ్లింట్లో నలుగురితో పాటు మామూలు అల్లుడిలా కూర్చోవడం కంటే, వదిలి రాలేనంత పెద్ద పని ఉన్నవాడినని అనిపించుకోవడం నాకు ఇష్టం. ఆ గొప్ప కోసం ఆమెను తమ్ముడి పెళ్లికి ఒంటరిగా పంపబోయాను.

పడవలో దారి పొడుగునా ఆమె కూనిరాగాలు తీస్తూనే ఉంది. సరిగ్గా ముహూర్తానికి వాన దంచి కొట్టింది. పందిరి కారుతుంటే విస్తళ్లు ఎత్తుకుని అందరూ నవ్వుతూ అరుగుల మీదకు పరుగెత్తారు.

పీటల మీద నుంచి లేచాక బావమరిది నా పక్కకు చేరాడు.

"మీరొచ్చి నన్ను ముంచారు బావగారూ. మీ మీద పందెం కాశాను, రారని."

"ఎవరితో?"

"అక్కతోనే. ఆషాఢంలో ఇక్కడికొచ్చినప్పుడు. ఇప్పుడు నేను మంచి చీరొకటి నేసియ్యాలి."

అటు చూశాను. ఆమె వంటవాళ్ల మీద కేకలేస్తోంది. వాన కారే చోట బిందె పెట్టడానికి లేచాను.